రీడరునకుఁ గ్రొత్త గుర్తు నేర్పుట

మేము గణితముతోఁ గూడ లిస్పు అను కంప్యూటరు భాషను, బడి విడిచిన పిమ్మట, పై తరగతుల విద్యార్థులకుఁ గొంత నేర్పుచున్నాము. 1958వ సంవత్సరమున జాన్ మెకార్తీగారు రూపింప నారంభించిన ఈ భాషకుఁ గామన్ లిస్పు అను శాఖ గలదు. దానికి 1994లో అమెరికా జాతీయ ప్రమాణ మేర్పడెను. ఈమాక్సు అను ఎడిటరులో, స్లైము అను సాధనముచేత, ప్రాంప్టునొద్ద ఒక పంక్తి వ్రాసినచో వెంటనే జవాబు వచ్చును. అడిగి నేర్చుకొను పిల్లల కిది మంచి పలక.

మనము వ్రాసినదానిని లిస్పులో మొదటఁ జదువునది రీడరు. ఏ గుర్తు కనఁబడినప్పుడేమి చేయవలెనో రీడ్‌టేబులు అను పట్టికలో నుండును. చదరపు బ్రాకెట్లు మొదలగు కొన్ని గుర్తులను ఆ ప్రమాణము వాడువారి యిష్టమునకే విడిచినది. కావున [1 2 3] అని వ్రాసినచో జాబితా యగునట్లు మనమే యేర్పఱచుకొనవచ్చును. ముగింపు గుర్తునకుఁ గూడఁ బని చెప్పవలెను, లేనిచో 3] అనునది యంతయుఁ గలిసి యొక పేరుగాఁ జదువఁబడును.

మా విద్యార్థి యొకఁడు అసలు పట్టికను ముట్టక, దాని నకలులో నీ మార్పులు చేసి, తన ఫైలునకు నిలిపెను. ఫైలు నిరాటంకముగా లోడయ్యెను. కాని యదే పంక్తిని ప్రాంప్టునొద్ద వ్రాయఁగాఁ దప్పని జవాబు వచ్చెను. అతఁడు అక్షరమక్షరము సరిచూచుకొని, తుదకు, "మాస్టరుగారూ, ఈ విద్య నాకు రాదండి, రేపటినుండి రాను" అనెను. లెక్కలలోను అతఁ డిట్లే వెనుదీయుచుండెను గనుక, మాకుఁ జింత కలిగెను.

అతని వ్రాఁతలో దోషము లేదు. లిస్పు ఫైలును లోడుచేయునప్పుడు, ముందున్న పట్టికను గుర్తుంచుకొని, ఫైలు ముగియఁగానే దానినే మరల నిలుపును. ఒక తరగతిలో వ్రాసిన లెక్క ప్రక్క తరగతి నల్లబల్లమీఁదఁ గనఁబడదు గదా! ఇందుకై స్లైములో, ప్యాకేజీ పేరునకు రీడ్‌టేబులును జతపఱచు జాబితా గలదు. అందుఁ దన ప్యాకేజీ పేరును, తన పట్టికను జేర్చి, ప్రాంప్టును ఆ ప్యాకేజీలోనికి మార్చుమని చెప్పితిమి. అతఁడట్లు చేసి, మరల [1 2 3] అని వ్రాసెను. జాబితా వచ్చెను. అతఁడు నాలుగైదు మాఱులు వ్రాసి చూచుకొనెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డ "నాకు రాదు" అనినప్పుడు, వెంటనే యౌనని తలయూపకుఁడు. నేర్చినది యే చోటఁ జెల్లినది, యే చోటఁ జెల్లలేదు అని ప్రక్కఁ గూర్చుండి యడుగుఁడు. ఆ విద్యార్థి యిప్పటికిని మానక వచ్చుచున్నాఁడు.