తప్పు బాపుదా... బండిదా?

బండి ఆగిపోవడంలో రెండు రకాలున్నాయి. రోడ్డు మీద పరుగెడుతూ ఆగిపోవడం ఒకటి. అప్పుడు అందరూ బండినే తిడతారు. నిలబడ్డచోట ఆగిపోవడం రెండోది. చౌరస్తాలో ఎక్స్‌లేటర్ మీంచి కాలు తీయగానే చప్పుడు లేకుండా ఇంజను ఊపిరి వదిలేస్తుంది. ఇందులో మాత్రం జనం ముందుగా చూసేది బండిని కాదు, స్టీరింగ్ ముందున్న మనిషిని. ఆ మనిషి తల నెరిసి ఉంటే విచారణ కూడా అక్కర్లేదు. తీర్పు అయిపోయినట్టే!

మా బాపు విషయంలో అచ్చం ఇదే జరిగింది.

బాపు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఆరేళ్లు. 1997లో పీఎఫ్ లోను పెట్టి తెల్ల మారుతి 800 కొన్నారు. అప్పుడు సిద్దిపేట మెదక్ జిల్లాలో ఉండేది కాబట్టి నంబరు ఏపీ 23తో మొదలవుతుంది. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా మారింది. కొత్త బండ్ల మీదికి టీఎస్ వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ వచ్చింది. మా బండి మాత్రం ఆ పాత నంబరుతోనే తిరుగుతోంది. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తూ, దాన్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నారు.

ఆ బండితో ఇంట్లో అందరికంటే ఎక్కువ అవసరం అమ్మకే. మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి దిగలేదు. దుబ్బాక దగ్గరున్న చెల్లెలింటికైనా, కొమురవెల్లి మల్లన్న దగ్గరికైనా బాపు ముందుసీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాల్సిందే. సాయంత్రం కోమటి చెరువు కట్ట మీద గాలికి కూర్చోవాలన్నా అంతే.

అలాంటి బండి నిరుడు చలికాలం నుంచి నిలబడ్డచోట ఆగడం మొదలుపెట్టింది. ఒకరోజు పాత బస్టాండు దగ్గర మూడుసార్లు ఆగింది. వెనక లారీలు, బస్సులు ఒకటే హారన్లు. ఎవరో కుర్రాడు అద్దంలోంచి తొంగిచూసి, ‘తాతా, ఈ వయసుల నీకు బండెందుకే’ అని పోయాడట. ఆ సంగతి అమ్మ చెప్పింది గానీ బాపు చెప్పలేదు. ఆ తర్వాత ఆయన కారు తీయడం తగ్గించారు. అమ్మ దుబ్బాక వెళ్లి రెండు నెలలైంది.

హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య ఫోన్లో తేల్చి చెప్పాడు. ‘బాపుకు క్లచ్చు మీద కాలు నిలుస్తలేదు. ఏదన్న జరిగినంక ఏడ్చి లాభం లేదు. బండి అమ్మేద్దాం.’ వాడి భయం వాడిది. కాదనడానికీ లేదు, ఔననడానికీ లేదు. తప్పు మనిషిదో బండిదో తేలకుండా తీర్పు ఎలా చెబుతాం?

మొదట చూపించిన షెడ్డులో పెద్దగా ఏమీ అడగలేదు. బానెట్ ఎత్తి, ప్లగ్గులు మార్చి, స్క్రూ తిప్పి ‘స్లో’ పెంచి పంపారు. ఇంజను నిలబడ్డచోట కూడా గయ్యిమంటూ తిరిగేది. ఆగిపోవడం కాస్త తగ్గింది, పెట్రోలు తాగడం పెరిగింది. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసినట్టన్నమాట.

ఆ తర్వాత, కరీంనగర్ రోడ్డు వైపు చిన్న షెడ్డు నడిపే ఓ పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాం. కార్బొరేటర్ బండ్లు చూసేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఈయనది అరవై దాటిన వయసు. స్పానర్ ముట్టుకోకుండా స్టూలు చూపించారు.

‘కూసోండ్రి సార్. ముందుగాల్ల ముచ్చట చెప్పుండ్రి. ఎప్పుడు బంద్ పడుతుంది?’

బాపు జేబులోంచి చిన్న డైరీ తీశారు. ఇంట్లో ఎవరికీ తెలియదు... బండి ఆగిన ప్రతిసారీ ఆయన రాసి పెట్టుకున్నారు! తేదీ, చోటు, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, లైట్లు వెలుగుతున్నాయా లేదా. మొత్తం ఇరవై మూడుసార్లు. లెక్కల మాస్టారు కదా!

మెకానిక్ అడుగుతుంటే డైరీ చూస్తూ చెప్పుకొచ్చారు. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఆగదు. చోక్ లోపలికి నెట్టాక ఆగుతుంది. రోడ్డు మీద అరవైలో పోతుంటే ఏ ఇబ్బందీ లేదు. రోజూ ఆగదు. గతుకుల రోడ్డులో వెళ్లిన రోజు ఎక్కువ.

‘సగం పని మీరే చేసిండ్రు సార్’ అన్నారాయన. తర్వాత తాళం తీసుకుని తానే నడుపుతూ పొన్నాల దాకా వెళ్లొచ్చారు. తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర ఆయన చేతిలోనూ ఆగింది. నలభై ఏళ్లు బండ్లతోనే బతికిన మనిషి కాలు కింద కూడా ఆగిందంటే తప్పు క్లచ్చు మీది కాలిది కాదు. బాపు ఏమీ అనలేదు. వెనకసీట్లో ఉన్న నాకు మాత్రం ఆయన భుజాలు తేలికపడటం కనిపించింది.

ఇక మిగిలింది జబ్బు ఎక్కడుందో పట్టుకోవడమే. ఆయన చేసిన పద్ధతి వింటే మన ఇళ్లలో పాత బండి ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ఈ బండిలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. స్లో మీద నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుంది. అంటే క్షణానికి ఇరవై రెండుసార్లు లోపల మంట అంటుకోవాలి. వేగంగా పోతున్నప్పుడు గాలి జోరుకు పెద్ద జెట్ నుంచి పెట్రోలు దానంతటదే వస్తుంది. నిలబడ్డప్పుడు ఆ జోరు ఉండదు. అందుకని కార్బొరేటర్‌లో స్లో కోసం వేరే సన్నటి దారి ఉంటుంది. ఆ దారిలో నలక పడినా, ఎక్కడన్నా రబ్బరు పైపు పగిలి దొంగగాలి లోపలికి చొరబడినా పెట్రోలు పాలు తగ్గి ఇంజను నిలవదు.

ముందుగా ఆయన రబ్బరు పైపులను ఒక్కొక్కటిగా పట్టకారుతో నొక్కి చూశారు. నొక్కగానే చప్పుడు బాగుపడితే ఆ పైపులోనే గాలి పోతున్నట్టు. ఎక్కడా తేడా రాలేదు. తర్వాత ప్లగ్గులు విప్పారు. ప్లగ్గు మొన నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లగా పాలిపోయి ఉంటే చాలనట్టు. మా మూడు ప్లగ్గులూ బిస్కెట్ రంగులో ఉన్నాయి. ‘మంట మంచిగున్నది. పెద్ద తొవ్వ సాఫ్. లొల్లంతా చిన్న తొవ్వలనే’ అన్నారు.

ఆ సన్నటి దారికి ఒక చిన్న కరెంటు వాల్వు ఉంటుంది. మెకానిక్కులు సోలినాయిడ్ అంటారు. తాళం తిప్పగానే తెరుచుకుని పెట్రోలు వదులుతుంది. తాళం తీస్తే మూసుకుంటుంది. తాళం తీశాక కూడా ఇంజను కొట్టుకుంటూ ఉండకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ‘చెవి పెట్టుండ్రి సార్’ అన్నారు. ‘టిక్’ మని వినిపించాలి. వినిపించలేదు. వాల్వుకు వచ్చే వైరును వేలితో కొంచెం కదిపారు. టిక్! మళ్లీ కదిపారు. చప్పుడు లేదు.

విషయం అర్థమైపోయింది. వైరు కొసనున్న క్లిప్పు పచ్చగా చిలుము పట్టి వదులైంది. గతుకులకు కదిలినప్పుడు కరెంటు తెగుతోంది, వాల్వు మూసుకుంటోంది. రోడ్డు మీద పెద్ద జెట్ నడిపిస్తుంది కాబట్టి తెలియదు. చోక్ లాగినప్పుడూ పెట్రోలు ఆ దారినే వస్తుంది కాబట్టి తెలియదు. చౌరస్తాలో కాలు తీసినప్పుడే బయటపడుతుంది. డైరీలో బాపు రాసిన ప్రతి వరుసా దీనికి సరిపోయింది.

కొత్త క్లిప్పు వేసి, జెట్ ఊది శుభ్రం చేసి, పెంచిన స్లో మళ్లీ తగ్గించారు. క్లిప్పు ఖరీదు చెబితే నవ్వొస్తుంది, ఒక చాయ్ డబ్బులు. పనితనానికి ఆయన అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చి వచ్చాం.

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ మధ్యలో కార్బొరేటర్లు పోయి, కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాయి. ఇప్పుడు స్కానర్ తగిలిస్తే తెర మీద కోడ్ వస్తుంది. అయినా ‘పెట్రోలు పాలు తగ్గింది’ అని కోడ్ చెబుతుంది గానీ పైపు పగిలిందా, పంపు అలసిందా అన్నది మనిషే వెతకాలి. ‘ఎప్పుడు ఆగుతుంది’ అన్న ప్రశ్న ఆ బండ్లకూ అవసరమే. ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు పైపులు దాని కోసం చేసినవి కావు. ఏడాదికోసారైనా వాటిని చూపించుకోవడం మంచిది.

ఆ రాత్రి డైరీ పేజీలు ఫొటో తీసి అన్నయ్యకు పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశాడు. ‘ఇంత మంచిగ రాసిండా బాపు!’ అన్నాడు. అమ్మేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు. అయితే ఒక షరతు పెట్టాడు... రాత్రిపూట రాజీవ్ రహదారి ఎక్కొద్దని, కళ్లు పరీక్ష చేయించుకోవాలని. బాపు రెండింటికీ ఒప్పుకున్నారు. పరీక్షకు తానే కారు నడుపుకుంటూ వెళ్లారు.

బాపు తాళాలు పక్కన పెట్టాల్సిన రోజు వస్తుంది. అది మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్టు అడిగేది అందుకే. ఆ రోజు ఎప్పుడన్నది ఆయన కళ్లు, కాళ్లు, డాక్టరు కలిసి చెప్పాలి. అంతేగానీ చిలుము పట్టిన ఒక క్లిప్పు కాదు, వెనక హారన్ కొట్టే కుర్రాడు అసలే కాదు.