మామ డీసీఎం, నా హౌస్ మ్యూజిక్

నేను డీజేయింగ్ చేస్తానని తెలియగానే మా ఆఫీసులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ‘‘బ్రో, పెళ్లిళ్లకి వస్తావా?’’

ఒకప్పుడు ఈ మాట వింటే ఒళ్లు మండేది. బరాత్‌లో బాక్సులు మోగించేవాళ్లూ నేనూ ఒకటేనా అనిపించేది. ఆ బాక్సులు మోగించేవాళ్లలో మా సొంత మేనమామ ఉన్నాడని మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ని కాదు.

మామది జమ్మికుంట దగ్గర ఒక పల్లె. మొదట టెంట్ హౌస్ నడిపేవాడు. గిన్నెలు, కుర్చీలు, షామియానాలు అద్దెకివ్వడం. తర్వాత సౌండ్ సర్వీస్. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు పాత డీసీఎం ఒకటి కొని, దాని మీద బేస్ బాక్సులు, జనరేటర్, రంగురంగుల లైట్లు బిగించి, ముందు పెద్ద అక్షరాలతో ‘డీజే’ అని రాయించాడు. పెళ్లి బరాత్, వినాయక నిమజ్జనం, బతుకమ్మ, సర్పంచ్ గెలిచిన ర్యాలీ... చుట్టుపక్కల ఏ సంబరమైనా మామ బండి ఉండాల్సిందే. సెలవులకి వెళ్తే కేబుళ్లు చుట్టే డ్యూటీ నాది. కేబుల్‌ని మోచేతికి వేసి చుట్టకూడదు, లోపల తీగ మెలిపడి తెగిపోతుంది అని నేర్పింది ఆయనే. యూట్యూబ్‌లో సౌండ్ ఇంజనీర్లు ఇదే మాట చెప్పినప్పుడు నేనేదో కొత్తగా నేర్చుకుంటున్నట్టు ఫీలయ్యాను. అది వేరే కథ.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అంతకుముందు 1 జీబీ ప్యాక్ వేయించుకుని నెలంతా పొదుపుగా వాడుకున్న మా హాస్టల్‌కి ఒక్కసారిగా కాలువ వదిలినట్టయింది. నేను అప్పుడు ఈసీఈ మూడో సంవత్సరం. రాత్రి రెండింటిదాకా యూట్యూబ్ చూస్తూ, ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకి దొర్లుతూ, ఒకరోజు ‘కెన్ యూ ఫీల్ ఇట్’ దగ్గర ఆగాను. లారీ హర్డ్ అనే ఆయన ‘మిస్టర్ ఫింగర్స్’ పేరుతో 1986లో రిలీజ్ చేసిన ట్రాక్. అప్పటిదాకా నాకు పాటంటే పల్లవి, చరణం, మధ్యలో హీరో స్టెప్పు. నేను విన్న వెర్షన్‌లో అసలు మాటలే లేవు. కింద ఆగకుండా ఒకే కిక్ డ్రమ్, దాని చుట్టూ తిరిగే బేస్, పైన మబ్బుల్లా కదిలే సింథ్. నిమిషాలు గడుస్తున్నా పెద్దగా ఏమీ జరగదు. కానీ ఆపాలనిపించలేదు. ఫస్ట్ ఇయర్ నుంచీ హాస్టల్లో నన్ను పట్టుకున్న ఒక రకమైన ఒంటరితనం ఆ రాత్రి కాసేపు వదిలింది. ఎందుకో అడిగితే చెప్పలేను.

హౌస్ అనే పేరు ఎక్కడిదా అని వెతికితే షికాగో తేలింది. 1977లో అక్కడ ఒక పాత బిల్డింగ్‌లో ‘వేర్‌హౌస్’ అనే క్లబ్ మొదలైంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ అక్కడ డీజే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు. బయట చాలాచోట్ల తమని చిన్నచూపు చూసే రోజుల్లో వాళ్లు తెల్లారేదాకా భయం లేకుండా డ్యాన్స్ చేసే చోటు అది. 1979 జూలై 12న అదే ఊళ్లో ఒక బేస్‌బాల్ స్టేడియంలో, డిస్కో అంటే పడని జనం తెచ్చిన రికార్డులన్నీ ఒక డబ్బాలో వేసి, గ్రౌండ్ మధ్యలో పేల్చేశారు. జనం లోపలికి దూకి గ్రౌండ్‌ని పాడుచేయడంతో రెండో మ్యాచ్ జరగనే లేదు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కోని వదిలేస్తూ వచ్చాయి. ఫ్రాంకీ వదల్లేదు. ఉన్న పాటల్నే టేపు కోసి, అతికించి, డ్యాన్స్‌కి పనికొచ్చే ముక్కల్ని పొడిగించి వేసేవాడు. తర్వాత డ్రమ్ మెషీన్లు తోడయ్యాయి. వేర్‌హౌస్‌లో మోగే టైపు పాటలు కాబట్టి హౌస్ మ్యూజిక్ అయిందని అంటారు.

‘‘అమెరికావాళ్ల గోల మనకెందుకురా’’ అనేవాడు నా రూమ్మేట్. వాడి కోసం నా దగ్గరో జవాబు ఉండేది. చరణ్‌జిత్ సింగ్. బాలీవుడ్ ఆర్కెస్ట్రాల్లో వాయించిన ముంబై సంగీతకారుడు. 1982లో రోలాండ్ కంపెనీ మెషీన్లు ముందేసుకుని పది రాగాలని డిస్కో బీట్ మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. షికాగోలో ‘యాసిడ్ హౌస్’ పుట్టించిందని చెప్పే ‘యాసిడ్ ట్రాక్స్’ రికార్డు వచ్చింది 1987లో. అందులో వాడిన టీబీ-303 మెషీన్‌తోనే ఈయన ఐదేళ్ల ముందు దాదాపు అలాంటి సౌండే చేసేశాడు. 2010లో ఆ ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేస్తే ప్రపంచం నోరెళ్లబెట్టింది.

వింటే సరిపోలేదు, మిక్స్ చేయాలనిపించింది. లాప్‌టాప్‌లో వర్చువల్ డీజే వేసుకుని మౌస్‌తో మొదలుపెట్టాను. రెండు పాటల్ని ఒకే స్పీడులో నడిపించడాన్ని బీట్‌మ్యాచింగ్ అంటారు. ఒకటి నిమిషానికి 122 బీట్లు, ఇంకోటి 125 అనుకోండి. రెండోదాన్ని కొంచెం తగ్గించి, రెండు కిక్కులూ ఒకేసారి పడేలా కూర్చోబెట్టాలి. కొంచెం తేడా వచ్చినా గుర్రం పరిగెత్తినట్టు టకటకమని వినిపిస్తుంది. సింక్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది కానీ నాకదో పట్టుదల. ఒక చెవికి హెడ్‌ఫోన్, అందులో రాబోయే పాట. ఇంకో చెవి ఖాళీ, దాంతో ఇప్పుడు మోగుతున్న పాట వినాలి. రెండు చెవులకీ రెండు వేరే పనులు. మొదటి రెండు వారాలు తలనొప్పి తప్ప ఏమీ రాలేదు.

తర్వాత లెక్క దొరికింది. హౌస్ ట్రాక్ ఎనిమిదీ, పదహారూ, ముప్పై రెండూ... ఇలా బీట్ల గుంపుల్లో కదులుతుంది. కొత్త పాటని గుంపు మొదట్లో వదిలితే రెండూ అన్నదమ్ముల్లా కలిసి నడుస్తాయి. రెండు బేస్‌లు ఒకేసారి మోగితే బురద అయిపోతుంది కాబట్టి ఒకదాని బేస్ తగ్గిస్తూ ఇంకోదానిది పెంచాలి. మెస్‌లో కూర్చుని స్టీల్ ప్లేటు మీద వేళ్లతో లెక్కపెట్టేవాణ్ని. ఆ సెమిస్టర్‌లో కంట్రోల్ సిస్టమ్స్ సప్లీ పడింది. అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

మౌస్‌తో ఇక కుదరదు, కంట్రోలర్ కావాలి. సెకండ్ హ్యాండ్‌ది 11,000 చెప్పారు. ఆర్టీసీ కండక్టర్ జీతంతో ఇద్దరిని చదివిస్తున్న నాన్నని అడిగే ధైర్యం లేదు. మామకి ఫోన్ చేసి ‘‘ప్రాజెక్ట్ కిట్ కొనాలె’’ అన్నాను. ‘‘ఎంత?’’ అన్నాడు. అంతే. ఇంకేం అడగలేదు. నిమజ్జనాల సీజన్‌లో రాత్రిళ్లు నిలబడి సంపాదించిన డబ్బు తెల్లారేసరికి నా అకౌంట్‌లో ఉంది.

ఎనిమిది నెలలు దాని మీదే కూర్చున్నాను. ఒక పాట ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా కలపడం వచ్చింది. దాంతోపాటు పొగరు కూడా వచ్చింది.

2018 మేలో బావ పెళ్లి. బావంటే మామ పెద్ద కొడుకు. ముందురోజు సాయంత్రం మామ డీసీఎం మీద వైర్లు సరిచేస్తున్నాడు. నేను పక్కనే నిలబడి క్లాసు పీకుతున్నాను. పాట మధ్యలో తెంపేస్తారేంటి, బేస్ అంతలా కొడితే పాట ఏం వినపడుతుంది... ఇలా. చివరికి నోరు జారింది. ‘‘నువ్వు జేసేది డీజేనే కాదు మామా. ఉత్త సౌండ్ పెట్టుడే.’’

మామ తల ఎత్తలేదు. స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు. కోపమొచ్చిందనుకుని నేను లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు రాత్రి బరాత్‌లో ఆయనే పిలిచి ‘‘నీ మిషన్ వెట్టు అల్లుడూ’’ అన్నాడు. పెట్టాను. 122తో మొదలుపెట్టి, ఇంట్లో ప్రాక్టీస్ చేసిన మిక్స్‌ని ఒక్క తప్పు లేకుండా నడిపించాను. నాలుగో నిమిషానికి ముందు వరసలో ఉన్న బావ ఫ్రెండ్స్ చేతులు దించేశారు. ఆరో నిమిషానికి అత్తమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పదో నిమిషానికి అందరూ నడుస్తున్నారు. బరాత్‌లో జనం ఊరికే నడవడం ఎప్పుడైనా చూశారా? శవయాత్రలా ఉంటుంది. నేను స్క్రీన్ మీద రెండు వేవ్‌ఫామ్‌లు ఎంత అందంగా కలిశాయో చూసుకుంటున్నాను.

మామ నా భుజం తట్టాడు. ‘‘కంప్యూటర్ల ఏం జూస్తున్నవ్? వాళ్ల కాళ్లు జూడు.’’ మైక్ అందుకుని పెళ్లికొడుకు పేరు ఒక్క కేక పెట్టి, నా పాటని కత్తితో కోసినట్టు తెంపేశాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఫోక్ పాట, తీన్మార్ దెబ్బ. వీధి మొత్తం లేచింది. అందరికంటే వెనక ఉన్న ముసలి పెద్దమ్మ కూడా కొంగు నడుముకి దోపింది. రెండు పాటల మధ్య అతుకు వినపడకుండా చేయడానికి నేను ఎనిమిది నెలలు కష్టపడ్డాను. ఈయన ఆ అతుకునే పండగ చేశాడు.

ఆ రాత్రంతా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. మూలమలుపు దగ్గర ఒక ఇంటి ముందు సౌండ్ మొత్తం ఆపించాడు. ఆ ఇంట్లో పోయినవారమే ఎవరో పోయారట. పసిపిల్ల ఉన్న ఇల్లు రాగానే బేస్ తగ్గించాడు. అందరూ అడుగుతున్న పాటని దాచిపెట్టి దాచిపెట్టి సరిగ్గా పెళ్లికూతురు ఇంటి ముందు వదిలాడు. ఫ్రాంకీ నకుల్స్ గురించి చదివినప్పుడల్లా, ఎదురుగా ఉన్న మనుషుల్ని చూసి పాట వేసేవాడని ఉండేది. చదివాను, షేర్ చేశాను, అర్థం చేసుకోలేదు.

ఉద్యోగం, హైదరాబాద్, కోవిడ్... సంవత్సరాలు గడిచాయి. 2022లో మామ నా దగ్గర నాలుగు రోజులు ఉన్నాడు. టీవీ సౌండ్ విపరీతంగా పెడుతున్నాడని, ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటున్నాడని గమనించి ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లాను. కుడి చెవి చాలావరకు పోయింది. ఎడమది కొంత నయం. ‘‘ఎన్నాళ్ల నుంచి?’’ అంటే ‘‘ఏడెనిమిదేండ్లు అయితుండొచ్చు’’ అన్నాడు, మోకాళ్ల నొప్పి గురించి చెప్పినట్టు. డీసీఎం మీద ఆయన మిక్సర్ ఎప్పుడూ ఒకే మూల. కుడిపక్కన గోడలా బాక్సులు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదట. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 100కి వచ్చేసరికి పావుగంట. మామ ఒక్క నిమజ్జనానికి ఎన్ని గంటలు నిలబడేవాడో లెక్కేయడం మొదలుపెట్టి ఆపేశాను. నాకు చెవి ప్లగ్గులున్నాయి. 2018 నుంచీ వాడుతున్నాను. ఆయనకి ఒక జత కొనాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంకోటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. పెళ్లి ముందురోజు నేను ఆ మాట అన్నది ఆయన కుడివైపు నిలబడి.

ఇప్పుడు డీసీఎంని మామ చిన్న కొడుకు నడుపుతున్నాడు. వాడికి ప్లగ్గులు కొనిచ్చాను, పెట్టుకుంటాడో లేదో డౌటే. నేను నెలకోసారి ఒక చిన్న కేఫ్‌లో హౌస్ వేస్తాను, ఓ నలభై మంది వస్తారు. స్క్రీన్ తక్కువ చూస్తాను, కాళ్లు ఎక్కువ.

మొన్న దసరాకి మామ వచ్చినప్పుడు చరణ్‌జిత్ సింగ్ రికార్డు పెట్టాను. హియరింగ్ మిషన్ తీసి టీపాయ్ మీద పెట్టి, స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. ‘‘మంచిగ గొడుతుండు’’ అన్నాడు. ఇదే టైమ్ అనుకుని, ‘‘మామా, బావ పెళ్లి ముందురోజు నేనొక మాటన్న...’’ అని మొదలుపెట్టాను.

‘‘ఏంది? ఇటుపక్క రా’’ అన్నాడు, ఎడమ చెవి చూపిస్తూ.

వెళ్లి అటుపక్క కూర్చున్నాను. ఇంకో పాట పెట్టాల్నా అని అడిగాను.