పండక్కి కాళ్లకూ సెలవు

సంక్రాంతి వెళ్లిన వారానికి ట్రైల్ మారథాన్. 42 కిలోమీటర్లకు పైగా కొండదారి. ఈ సమయంలో ఊరికెళ్తే సాధన ఏమైపోతుందని తోటి రన్నర్లు అడుగుతున్నారు. ఇప్పుడు విశ్రాంతే సాధన.

దీన్ని టేపరింగ్ అంటారు. పోటీకి ముందు రెండు వారాలు వేగం తగ్గించకుండా, దూరాన్ని మాత్రం 41 నుంచి 60 శాతం తగ్గిస్తే మంచి ఫలితం ఉంటుందని 2007లో వెలువడిన ఓ పరిశోధనా విశ్లేషణ తేల్చింది. నెలల తరబడి అలసిన కండరాలు కోలుకునేదీ, గ్లైకోజెన్ అనే ఇంధనాన్ని నింపుకునేదీ ఈ రోజుల్లోనే.

అందుకే భోగి తెల్లవారుజామున అమ్మానాన్నలతో మంట దగ్గరే ఉంటాను. ఎండెక్కక ముందు పొలం గట్ల మీద అరగంట పరుగు, చివర్లో కాస్త వేగం, అంతే. పెద్దమ్మ వడ్డించే చక్కెర పొంగలి కాదనను. రాత్రి పేకాటకు మాత్రం కూర్చోను, నిద్ర ముఖ్యం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నేనూ కదలను. ఆ రోజంతా నాయనమ్మ పక్కనే.

పండగ తర్వాత పోటీ ఉన్న మిత్రులారా, నిశ్చింతగా ఇంటికి వెళ్లండి. మీ కాళ్లకు కావాల్సిందీ, మీ వాళ్లు కోరేదీ ఈసారి ఒకటే.