లేని డిస్కుకీ రూల్సున్నాయి

నేను బాగుచేసే హార్డ్‌డిస్క్ చేత్తో పట్టుకోవడానికి దొరకదు. అది లాప్‌టాప్‌లో ఒక ఫైలు, అంతే. లోపల నడిచే పాత విండోస్‌ని ‘ఇది నిజం డిస్కే’ అని నమ్మించడం ఎమ్యులేటర్ పని. పాత గేముల పిచ్చి ఉన్న కొందరం కలిసి నడుపుకుంటున్న ఓ చిన్న ఎమ్యులేటర్‌లో డిస్క్ భాగం నా వాటాకొచ్చింది.

‘‘విండోస్ వస్తోందిగా, ఇంకేం బాగుచేస్తావ్?’’ అంటాడు మా రూమ్మేట్. డిస్క్ ఏ కమాండ్‌కి ఎలా జవాబివ్వాలో ఏటీఏ అనే స్టాండర్డ్‌లో రాసుంటుంది. వందల పేజీలు. నిద్ర పట్టనివాళ్లకి మంచి మందు! కానీ విండోస్ వచ్చినంత మాత్రాన అవన్నీ పాటించినట్టు కాదు.

సున్నా సంగతే చూడండి. ఎన్ని సెక్టర్లు చదవాలో చెప్పే రిజిస్టర్ పాత కమాండ్లలో 8 బిట్లే. అందులో 255 దాకానే పడుతుంది. అందుకే అక్కడ 0 రాస్తే ‘ఏమీ వద్దు’ అని కాదు, 256 కావాలని. మా కోడ్ సున్నాని సున్నాగానే తీసుకునేది. అందరూ కొంచెం కొంచెంగా అడుగుతున్నన్నాళ్లూ ఎవరికీ తెలీలేదు. ఓ పాత సిస్టమ్ ఒకేసారి 256 అడిగి, రాని డేటా కోసం అలా చూస్తూ ఉండిపోయింది. ఒక్క లైనుతో పోయింది.

ఫ్లష్ క్యాష్ మాత్రం ఒక్క లైనుతో పోలేదు. ‘రాసిందంతా డిస్క్ మీదకి చేరాకే అయిందని చెప్పు’ అనేది ఆ కమాండ్. మాది ఏమీ చేర్చకుండానే ‘అయింది’ అనేసేది. ఓ డిగ్రీ కుర్రాడు సేవ్ చేసుకున్న ప్రాజెక్ట్ కరెంట్ పోవడంతో మాయమైంది. ఎమ్యులేటర్‌ని మధ్యలో చంపి చూస్తే ఈ బగ్ దొరకదు. రాసింది బయటి సిస్టమ్ మెమరీలో క్షేమంగానే ఉంటుంది మరి. బ్యాటరీ తీసేసిన పాత లాప్‌టాప్ తెచ్చి, ఫ్లష్ అయిందనగానే ప్లగ్ పీకాను. ఫైలు లేదు. సరిచేశాక మళ్లీ పీకాను. ఉంది. మొత్తం పన్నెండుసార్లు పీకాను, అమ్మ చూస్తే తిట్టేది.

తీరా ఇన్‌స్టలేషన్ నెమ్మదించిందని గొడవ. ‘‘ముందే బాగుంది’’ అన్నారు. క్యూఈఎంయూలో ఫ్లష్‌ని పట్టించుకోని మోడ్ ఉంది, దాని పేరే ‘అన్‌సేఫ్’. మాకూ అలాంటి ఆప్షన్ పెట్టాను, అడిగితేనే ఆన్ అయ్యేలా. ‘టర్బో’ అని పేరు పెడదామన్నారు. ఒప్పుకోలేదు.

ఇప్పుడు డిస్క్ పేరు చూస్తున్నా. స్టాండర్డ్ ప్రకారం అక్షరాలు రెండేసి తారుమారు చేసి పంపాలి. మాది తిన్నగా పంపుతోంది.