పైన సూర్యుడు, కింద చీకటి

శ్రీకాకుళం వెళ్లాలని రైలెక్కినవాళ్లు శ్రీకాకుళంలో దిగరు, ఆమదాలవలసలో దిగుతారు. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని రాసి ఉంటుంది కాబట్టి అబద్ధమని అనలేం. ఆ రోడ్డు పట్టుకుని పది కిలోమీటర్లకు పైగా వస్తే మా ఊరు వస్తుంది మరి! జిల్లా కేంద్రానికి స్టేషన్ పక్క ఊళ్లో ఉండటం మాకెంత అలవాటైపోయిందంటే, కొత్తవాళ్లు ఆశ్చర్యపోతే వాళ్లని చూసి మేం ఆశ్చర్యపోతాం.

నాది విజయనగరంలో ఉద్యోగం, శ్రీకాకుళంలో కాపురం. పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల మీదుగా రైలుంది కానీ, ఆమదాలవలస దాకా వెళ్లే ఆటో, అక్కడ ఎదురుచూపులు కలుపుకుంటే బస్సే నయం. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. మాలాంటి రోజువారీ ప్రయాణికులకి అది నిజంగా పెద్ద ఊరట. నాతవలస, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల... అంత దూరం పైసా లేకుండా వచ్చేస్తాం. అసలు ఖర్చు ఆ తర్వాతే. సాయంత్రం దాటాక ఒక్కోరోజు దొరికే బస్సు ఊళ్లోకి రాదు. బైపాస్ మీద దించేసి వెళ్లిపోతుంది. అక్కణ్ణుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు. పగలైతే ఇరవై రూపాయలకి షేర్ ఆటో ఉంటుంది. రాత్రి ఎనిమిదైతే అదే ఆటో "స్పెషల్ అమ్మా, వంద" అంటుంది. నడుద్దామంటే దారంతా చీకటి. సగం స్తంభాలకి లైట్లు వెలగవు, వెలిగేవి కరెంటు పోతే వెలగవు. ఒక పక్క మూత లేని కాలువ, ఇంకో పక్క పడుకున్న ఆవులు, వెనకాల ఏదో బండి చప్పుడు.

ఇక సోలార్ సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంతైనా మొత్తం 78 వేలు రాయితీ. మా ఆయన లెక్కలన్నీ వేసి మూడు కిలోవాట్లు పెట్టించారు. బాగా ఎండ కాసిన రోజున పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. పగలు మనం వాడగా మిగిలింది లైన్లోకి వెళ్తుంది, నెట్ మీటర్ లెక్క కడుతుంది. నెట్ మీటర్ బిగించడానికి మాత్రం వారాల తరబడి తిరగాల్సి వచ్చింది. ఇవాళ సార్ లేరు, రేపు మీటర్ లేదు, ఎల్లుండి సెలవు. ప్యానెళ్లు మాత్రం పాపం రోజూ డ్యూటీ చేస్తూనే ఉన్నాయి!

బిల్లు తగ్గింది. అందులో మాట లేదు. కానీ మొదటిసారి మిట్టమధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మా అత్తమ్మ అడిగిన ప్రశ్న వీధంతా చెప్పుకున్నారు.

"ఏటమ్మా, అంతెండ కాస్తంది, పంకా తిరగదేటి?"

"కరెంటు పోయింది అత్తమ్మా."

"మనది సూరీడి కరెంటు కదేటి? ఆడు నెత్తిమీదే ఉన్నాడు కదా!"

అరసవల్లి పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు గర్భగుడి దాకా వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలు తాకుతాయి. అంతదూరం రాగలిగిన స్వామి మా మేడ మీద ఎందుకు ఆగిపోయాడన్నది ఆవిడ సందేహం.

సమాధానం తిన్నగానే ఉంది. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటుని చూసుకునే పనిచేస్తుంది. లైన్ పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే మన ప్యానెళ్ల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పోయి, స్తంభమెక్కి వైర్లు సరిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కాబట్టి ఆగడం న్యాయమే. కరెంటు లేనప్పుడు కూడా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. అది ఇంటిని లైన్ నుంచి విడదీసి తనంతట తాను నడుపుతుంది. రాయితీ మాత్రం ప్యానెళ్ల కిలోవాట్లని బట్టే ఇస్తారు. బ్యాటరీ ఖర్చు మనదే.

మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. నాలుగేళ్లకి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడుకున్నాయి. పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, మోటార్లు నడవక తాగడానికి నీళ్లు లేవు. అలాంటప్పుడు మేడల మీద ఎన్ని ప్యానెళ్లుంటే ఏం లాభం, ఒక్క ఫోన్ చార్జింగ్ కాకపోతే?

తుపాను దాకా ఎందుకు, మామూలు రోజు చాలు. మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. మొన్న వేసవిలో కరెంటు పోయిన రాత్రి, బండి మీద ఇద్దరు బైపాస్ నుంచి మా మలుపు దాకా వెంటబడ్డారు. పిల్ల పరుగెత్తుకుంటూ మా గేటు తోసుకుని లోపలికొచ్చేసింది. వాళ్ల నాన్న మర్నాడే అన్నాడు: "ఈ ఉజ్జోగం ఒద్దమ్మా, మానీ." ఇంటికి ఆ పిల్ల జీతమే ఆధారం. వెంటబడినవాళ్లకి పోయిందేమీ లేదు, ఉద్యోగం మానాల్సింది మాత్రం ఆ పిల్ల!

మా ఆయన ఆ ఆదివారమే మా ప్రహరీ మీద వీధి వైపుకి ఒక సోలార్ లైటు బిగించారు. చిన్న ప్యానెల్, లోపలే బ్యాటరీ, చీకటి పడగానే వెలుగుతుంది, మనిషి అలికిడి తగిలితే కాంతి పెరుగుతుంది. రెండు వేల రూపాయల చిల్లర. లైనుతో దానికి సంబంధం లేదు. చూసి ఎదురింటివాళ్లు ఒకటి, కిరాణా కొట్టాయన ఒకటి, మలుపులో ఉన్న మాస్టారు ఒకటి పెట్టించారు. వరసగా మూడురోజులు ముసురు పడితే అర్ధరాత్రికి మసకబారతాయి. అయినా తొమ్మిదింటికి వెలుగుంటుంది. అది చాలు. ఆ అమ్మాయి ఉద్యోగం మానలేదు. 112 నంబర్ ఫోన్లో పైనే పెట్టుకుంది.

అయితే నాలుగిళ్లవాళ్లు చందాలేసుకుని వెలిగించుకుంటే మా మలుపు వెలిగింది, బైపాస్ నుంచి మలుపు దాకా ఇంకా చీకటే. అక్కడ ఇళ్లు లేవు, ప్రహరీలూ లేవు. ఆ ముక్కకి లైట్లు వేయాల్సింది ఊరు. బస్సు దిగే చోట బ్యాటరీ ఉన్న సోలార్ లైట్లు, రాత్రి ఎనిమిది దాటిన బస్సులు ఊళ్లోకి రావడం, కాలువకి మూతలు. ఈ మూడింటి కోసం వీధిలో ఆడవాళ్లందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. జాగ్రత్తగా దాచాను.

మీరు ఇంటికి సోలార్ పెట్టించుకునే ఆలోచనలో ఉంటే ఒక్క ప్రశ్న ముందే అడగండి: "కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?" ఎంత వస్తుంది, ఎన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుంది అని అందరూ చెబుతారు. ఇది మాత్రం అడిగితేగానీ చెప్పరు. అలాగే ఒక లైటు మీ గేటుకి లోపల కాకుండా, బయటకి తిప్పి పెట్టండి. తొమ్మిదింటికి ఆ దారిన నడిచి వెళ్లే ఆడపిల్ల మీ వీధిలోనూ ఉండే ఉంటుంది.