మా పేట ముచ్చట్లు – 17 : గోళ్ళు గిల్లుకునే తీరిక



పోయిన వారం శ్మశానం దారి గురించి రాశాను. అంతకు ముందు వారం రోస్టర్ పాయింట్ల గురించి రాశాను. ఈ వారం గోళ్ళ రంగు గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నేనూ నవ్వుకుంటూనే మొదలుపెట్టాను.

వేసవి సెలవులకు మా అన్న కూతురు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయింది. వచ్చేటప్పుడు బట్టల సంచితో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకుంది. అందులో ఆరు నెయిల్ పాలిష్ సీసాలు, పాత హెయిర్ పిన్నులు, టూత్‌పిక్కులు, సెల్లోటేపు, అంట్లు తోమే స్పాంజి నుంచి కత్తిరించిన ముక్కలు ఉన్నాయి. "అత్తా, పార్లర్‌లో అయితే వందలకు వందలు గుంజుతారు. నేను ఇంట్లోనే వేస్తా, చెయ్యి ఇటివ్వు" అంది. దిద్దాల్సిన పేపర్ల కట్ట పక్కన పెట్టి చెయ్యి ఇచ్చాను.

ఆ పిల్ల చెప్పిన పాఠం ఇది. ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. గోటి మీద నూనె జిడ్డు ఉంటే రంగు పట్టదు, రెండు రోజులకే పెచ్చులూడుతుంది. తర్వాత రంగులేని పూత ఒకటి వెయ్యాలి. అది లేకుండా ముదురు రంగు పూస్తే, తుడిచేశాక గోరు పసుపుపచ్చగా మిగులుతుంది. రంగు ఎప్పుడూ పల్చగానే వెయ్యాలి. మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి. మందంగా ఒక్కసారి పూసే బదులు పల్చగా రెండుసార్లు పూయాలి. గోటి కొస అంచుకు కూడా కుంచె తగిలించాలి, ఎందుకంటే ఊడటం అక్కడే మొదలవుతుంది. చుక్కలకు హెయిర్ పిన్ను గుండ్రటి కొస, సన్న గీతలకు టూత్‌పిక్కు. రెండు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనపడాలంటే, స్పాంజి ముక్క మీద రెండూ పక్కపక్కన పూసి గోటి మీద అద్దాలి.

నాకు బాగా నచ్చింది నీళ్ళ పద్ధతి. కాగితం కప్పులో మామూలు నీళ్ళు పోసి, వాటి మీద ఒక చుక్క రంగు వేస్తే అది పల్చటి పొరలా పరుచుకుంటుంది. దాని మధ్యలో ఇంకో రంగు చుక్క, దాని మధ్యలో మరొకటి. టూత్‌పిక్కుతో లాగితే పూరేకుల్లా వస్తుంది. గోటి చుట్టూ చర్మానికి వ్యాజ్‌లీన్ రాసి వేలు ముంచితే డిజైను గోటికి అంటుకుంటుంది. నీళ్ళు ఫ్రిజ్‌వి కాకూడదు, చల్లటి నీళ్ళలో రంగు పరుచుకోకముందే గట్టిపడుతుంది. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను. రెండోసారి కింది పూత ఆరకముందే టేపు అంటించాను. టేపుతో పాటు గోటి రంగంతా లేచి వచ్చింది. నాకు పీహెచ్‌డీ ఐదేళ్ళలో వచ్చింది గానీ, ఎడమ చేత్తో కుడి బొటనవేలికి రంగు వెయ్యడం మాత్రం నెల తిరిగినా రాలేదు. పలక మీద మొదటిసారి 'అ' దిద్దిన పిల్ల గీతలా ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైంది అదేమీ కాదు. వేసుకున్నాక ఇరవై నిమిషాలు చేతులు ఊరికే ఉంచుకోవడం. కుక్కర్ విజిల్ వేస్తుంది, ఫోన్ మోగుతుంది, తలలో దురద పుడుతుంది. చెయ్యి దానంతట అదే లేస్తుంది. మూడుసార్లు చెరుపుకున్నాను. "అత్తా, నువ్వు కూర్చోలేవు" అంది మా పిల్ల విసుగ్గా.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

తెలుగులో పని లేకుండా కూర్చున్నవాళ్ళని "గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు" అంటాం. అంటే గోళ్ళ మీద చూపు పెట్టడానికి ముందు తీరిక ఉండాలి. మా అమ్మ గోళ్ళు గిల్లుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా సాహిత్యంలో నాయికను వర్ణించాలంటే నఖశిఖ పర్యంతం వర్ణిస్తారు. గోటి దగ్గర మొదలుపెట్టి జడ దాకా. చంద్రవంకలు, అద్దాలు, చుక్కలు, పోలికలకు కొదవ లేదు. ఎమ్మే పిల్లలకు ప్రబంధాలు చెబుతూ ఆ పోలికలు నేనూ బోర్డు మీద రాశాను. కానీ మా అమ్మ కూడా నాకు గోటి దగ్గర్నుంచే తెలుసు. ఆ వర్ణన సిలబస్‌లో లేదు, అంతే.

చెబుతా వినండి. మాది గుంటూరు మిరప పండే ఊరు. అమ్మ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకు పోయేది. కాయను తొడిమ దగ్గర గిల్లాలి. గిల్లేది గోరే. సాయంత్రానికి గోటి సందుల్లో ఘాటు దూరి వేళ్ళు మండిపోయేవి. నీళ్ళలో పెడితే ఇంకా మంట. నూనె రాసుకుని, మజ్జిగ ఉంటే అందులో ముంచుకుని కూర్చునేది. ఆ రోజుల్లో మాకు అన్నం కలిపి పెట్టడానికి భయపడేది. గరిటెతో పెట్టేది. "గోరుముద్ద" అనే మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. నాట్ల కాలం వస్తే బురద నీళ్ళలో నాని గోరుచుట్టు లేచేది. ఆ వేలితోనే మళ్ళీ నారు పట్టేది. "గోరుచుట్టు మీద రోకటిపోటు" అనేది మీకు సామెత. మా ఇంట్లో అది జులై, ఆగస్టు నెలలు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే నీళ్ళలో నానే చేతులకు మంచిదని పెద్దవాళ్ళు చెబుతారు. నిజంగా నీళ్ళలో నానే చేతులు ఎవరివి? గోరింట చెట్టు ఊళ్ళో పెద్దింటి దొడ్లో ఉండేది. మేము ప్రహరీ బయట నిలబడి అడిగితే, కొమ్మలు విరిచి గోడ మీద నుంచి విసిరేవాళ్ళు. చేతికి అందించేవాళ్ళు కాదు. కింద పడినవి ఏరుకుని తెచ్చుకునేవాళ్ళం. అమ్మ రోట్లో రుబ్బి మా చేతులకు పెట్టేది. తను మాత్రం పెట్టుకునేది కాదు. ఆకు పండాలంటే మూడు నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు కదా. నాలుగింటికే లేచి వండి, నాట్లకు పోయే మనిషికి ఆ నాలుగు గంటలు ఎక్కడివి? రుబ్బినందుకు ఆమె అరచెయ్యి వంకరటింకరగా పండేది. ఆమె అలంకరణ అదే.

గోటికి పట్టిన గోరింటాకు చర్మం మీద లాగా వారం పది రోజుల్లో పోదు. దాని రంగు కెరటిన్‌కి అతుక్కుంటుంది. గోరు పెరిగి, ఆ ముక్కను కత్తిరించేదాకా ఉంటుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం మారడానికి ఇంచుమించు ఆరు నెలలు. అలాంటి పండిన గోళ్ళతోనే ఏడో తరగతిలో నేను ఒక మాస్టారి చేతిలో దెబ్బలు తిన్నాను. గోరింటాకు మీద ఒక క్రిస్మస్‌కి అమ్మ కొనిచ్చిన ఎర్ర రంగు కూడా వేసుకున్నాను. స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టి, "కలుపు తీసే చేతులకి సోకులెందుకే" అన్నాడు. పక్క బెంచీలో ఇంకో అమ్మాయికీ రంగుంది. ఆ అమ్మాయితో "రేపటికి తుడుచుకునిరా అమ్మా" అన్నాడు. మా ఇద్దరికీ ఒకటే రంగు. చేతులే వేరు.

ఇది ఒక మాస్టారి కోపం అనుకుని చాలా ఏళ్ళు ఉన్నాను. తర్వాత బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' చదివాను. 1936 నాటి పుస్తకం. అందులో ఇందూరు ప్రాంతపు బలాయీల గురించి ఉంది. అక్కడి పై కులాలవాళ్ళు బలాయీలకు షరతులు పెట్టారు. మగవాళ్ళు జరీ అంచు తలపాగా చుట్టకూడదు, రంగు అంచు ధోవతి కట్టకూడదు. ఆడవాళ్ళు బంగారం, వెండి నగలు పెట్టకూడదు, సింగారపు బట్టలు తొడగకూడదు. ఒప్పుకోనందుకు బావుల్లో నీళ్ళు ఆపేశారు, పశువుల మేత ఆపేశారు. అది చదివిన రాత్రి నా వేళ్ళ కణుపులు చూసుకున్నాను. ఆ స్కేలు ఆ మాస్టారిది కాదు, చాలా పాతది అని అప్పుడు తెలిసింది.

అదే బాబాసాహెబ్ 1927 డిసెంబరులో మహద్‌లో ఆడవాళ్ళతో మాట్లాడుతూ, చీర కట్టు మార్చుకోండి, కులాన్ని పట్టిచ్చే ఆ బరువు నగలు తీసేయండి, శుభ్రంగా ఉండండి అని చెప్పాడు. ఒకచోట నగ పెట్టుకోవద్దనడం అణచివేత, ఇంకోచోట నగ తీసెయ్యడం విముక్తి. రెండూ నిజమే. ఏది వేసుకోవాలో, ఏది తియ్యాలో ఎవరు నిర్ణయిస్తున్నారనేదే ప్రశ్న. మా పేటలో ఇంకో చిక్కుంది. మా ఇంటి దగ్గరి చర్చిలో పాస్టరుగారు పూలు, గాజులు, రంగులు లోకసంబంధమైనవి అంటారు. పెద్దింటి గోడ అవతల నుంచి ఒకరు వద్దన్నారు, వేదిక మీద నుంచి మరొకరు వద్దన్నారు. వద్దన్న కారణాలు వేరు. ఖాళీగా మిగిలిన చేతులు మాత్రం మా ఆడవాళ్ళవే.

సరే, కాలేజీకి వస్తా.

సెలవుల్లోనే స్పాట్ వాల్యుయేషన్ పడింది. నా గోళ్ళకు ముదురు నీలం, మీద చిన్న తెల్ల చుక్కలు. ఒక సహోద్యోగిని చూసి, "బాగున్నాయి మేడమ్, కాకపోతే మీ కలర్‌కి లైట్ షేడ్స్ అయితే సూటవుతాయి" అంది. ఆమె చెడ్డది కాదు. నా టిఫిన్ బాక్సులోంచి తీసుకుని తినే మనిషి. ఇంకో ఆయన పేపరు మీద నుంచి తల ఎత్తి, "ఓహో, గోళ్ళక్కూడా నీలమేనా? ఉద్యమం వేళ్ళ దాకా వచ్చిందే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం ఫోటో చూసిన మన ఉద్యమంలోని తమ్ముడొకడు ఫోన్ చేసి, "అక్కా, మీరు కూడా ఇట్లాంటి మార్కెట్ మాయలో పడితే ఎట్లా?" అన్నాడు. ఇంకో చెల్లెలు, "సూపరక్కా, ఇది మీ ప్రతిఘటన" అంది.

నిజం చెప్పనా? ఫ్యాన్సీ షాపులో నలభై రూపాయలకు ఆ సీసా ఒక్కటే మిగిలింది. అందుకని నీలం.

వేరేవాళ్ళు వేసుకుంటే రంగు. మేము వేసుకుంటే ఒకరికి అతి, ఒకరికి పతనం, ఒకరికి ప్రతిఘటన. ఊరికే బాగుందని వేసుకునే వీలు మాకు ఎప్పుడొస్తుంది? ప్రతిఘటన అన్న చెల్లెలి మీద నాకు కోపం లేదు. నేనూ సెమినార్లలో అలాంటి పేపర్లు చదివినదాన్నే. మా అమ్మ చేతుల్ని "శ్రమ సౌందర్యం" అని ఒక వ్యాసంలో రాశాను కూడా. ఆ పేజీ చదివి వినిపిస్తే అమ్మ, "సౌందర్యమేందే, నెప్పి" అంది. ఆ వాక్యం కొట్టెయ్యకుండానే అచ్చుకిచ్చాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అది తప్పు.

జూన్ మొదట్లో పిల్లని దింపడానికి ఊరెళ్ళాను. ఆ రాత్రి మా పిల్ల డబ్బా తీసింది. "నాయనమ్మా, చెయ్యివ్వు."

"ఈ గోళ్ళకా? గమ్మునుండవే. నవ్వుతారు."

నిజానికి అవి గోళ్ళలా లేవు. మందమై, గాడులు పడి, పసుపూ నలుపూ కలిసిన పెంకుల్లా ఉన్నాయి. కుడి చూపుడు వేలికి గోరు సగమే ఉంది. మా పిల్ల ఏమీ అనలేదు. గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టింది, అరం కాగితంతో నెమ్మదిగా రుద్దింది. సగం గోటిని కూడా వదలకుండా పూర్తి గోటికి ఎంత శ్రద్ధగా వేస్తుందో అంతే శ్రద్ధగా వేసింది. చుక్కలు వద్దంది అమ్మ. "ఒక్క రంగే చాలు, ముసల్దాన్ని" అంది.

తర్వాత ఇరవై నిమిషాలు. మంచం మీద రెండు చేతులూ మోకాళ్ళ మీద చాపుకుని కూర్చుంది. దోమ వాలితే వదిన కొట్టింది. దాహమంటే నేను గ్లాసు పట్టుకుని తాగించాను. కాసేపటికి అమ్మ, "ఇంతసేపు చేతులు ఊరకే పెట్టుకోటం నాకు తెలవదే. పురుడప్పుడు కూడా ఇట్టా కూర్చోలా" అంది. ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మ తన చేతులవంకే చూసుకుంటోంది. అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

తెల్లారితే పింఛను. మిషను తెచ్చిన కుర్రాడు బొటనవేలు పెట్టమన్నాడు. పడలేదు. రెండో వేలు, మూడో వేలు, ఎడమ చెయ్యి. ఏదీ పడలేదు. ఇది ప్రతి నెలా ఉండేదే. చదువు లేనివాళ్ళని "వేలిముద్రగాళ్ళు" అని వెక్కిరించే లోకం ఇది. మా అమ్మ దగ్గర ఆ వేలిముద్ర కూడా మిగల్లేదు. గీతలన్నీ అరిగిపోయాయి. కుర్రాడు చేతుల వంక చూసి నవ్వుతూ, "అవ్వా, రంగేసుకున్నావుగా, అందుకే పడట్లా" అన్నాడు.

అమ్మ చెయ్యి తిప్పి చూపించింది.

"రంగు ఈ పక్కనుంది నాయనా. ఆ పక్కది మిరపకాయలు తిన్నయ్."

కుర్రాడు ఇంకేమీ అనలేదు. ఫోన్ తీసి అమ్మ ముఖానికి పెట్టాడు. ముఖం పడింది. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. అమ్మ వాటిని కొసవేళ్ళతో పట్టుకుంది, రంగు చెరగకుండా.

నేను బయల్దేరేటప్పుడు అడిగింది. "అది ఎన్నాళ్ళుంటది?"

"వారం ఉంటదమ్మా. అంట్లు తోమితే ఇంకా ముందే పోతది."

"అయితే ఈ వారం అంట్లు మీ వదినని తోమమను" అంది. వదిన నవ్వింది, నేనూ నవ్వాను. బస్సులో కూర్చున్నాక అనిపించింది: మరి వదిన చేతులకి రంగు వేసేదెవరు? ఆ ఇరవై నిమిషాలు ఒకరికి ఇవ్వాలంటే ఇంకొకరు తోమాల్సిందే. తోమేది ప్రతిసారీ ఎందుకు మా ఇంటి ఆడమనిషే కావాలి? అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఈ వారం అంట్లు నువ్వు తోము" అన్నాను. "నీకేమన్నా పిచ్చా" అన్నాడు. తోమాడో లేదో వచ్చే వారం చెబుతా.

జై భీమ్.