641 వంతు

4294967297. నోరారా చదివితే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. 2 యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. సరిసంఖ్య కాదు. చివర ఐదు లేదు. అంకెలన్నీ కూడితే 59, కనుక మూడుకీ లొంగదు. ఏడు, పదకొండు, పదమూడు కూడా వట్టి చేతులతోనే వెనక్కి వస్తాయి.

1640 ప్రాంతంలో ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా ఒక వరుస పేర్చాడు. 2 యొక్క 1, 2, 4, 8, 16 ఘాతాలకు ఒకటేసి కలిపితే 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మనది. ఈ వరుస ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయన గట్టిగా నమ్మాడు. ఐదు వరసగా నిజమయ్యాక ఎవరికైనా ఆ నమ్మకం కలుగుతుంది.

1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న పాతికేళ్ల గణితవేత్త ఆయిలర్ ఈ ఆరో సంఖ్యను 641తో భాగించి చూపాడు. కాగితం మీద చేసి చూడాల్సిన భాగహారమిది. మొదట 4294లో ఆరుసార్లు పోగా 448 మిగులుతుంది. తొమ్మిది దించితే 4489, ఏడుసార్లు పోగా మిగిలేది 2. భాగఫలంలో తర్వాత రెండు సున్నాలు, నాలుగు, ఒకటి. అక్కడ మళ్లీ అదే 448! ఈసారి దించాల్సిన అంకె ఏడు. 4487 అంటే సరిగ్గా ఏడు 641లు. శేషం సున్నా, భాగఫలం 6700417.

ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగిస్తూ పోతే 641 నూట పదహారోది. ఆయిలర్ తర్వాత నిరూపించిన దారిలో అంత శ్రమ లేదు. ఒక ప్రధాన సంఖ్య మనదాన్ని భాగిస్తే, దానితో భాగించినప్పుడు 2 యొక్క 32వ ఘాతానికి శేషం −1, 64వ ఘాతానికి 1. అంతకుముందు ఏ ఘాతానికీ 1 రాదు. ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేసి, 2ను ఆ ఘాతానికి పెంచినా శేషం 1 వచ్చి తీరాలి. కాబట్టి ఆ ఒకటి తక్కువ సంఖ్య 64కు గుణిజం కావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో ప్రయత్నానికే తలుపు తెరుచుకుంటుంది.

నన్ను ఎప్పటికీ వదలని సంగతి ఒకటుంది. ఇందులో ‘వచ్చి తీరాలి’ అన్న మాట ఫెర్మా కనిపెట్టిన సిద్ధాంతమే, అదీ అదే 1640లో. తాళమూ ఆయన దగ్గరే ఉంది, తాళం చెవీ ఆయన దగ్గరే ఉంది. ఆ తాళం తెరుచుకోవడానికి ఇంకో తొంభై ఏళ్లు, ఇంకో మనిషి కావలసి వచ్చాయి.

ఆ వరుసలో 65537కు ఈనాటికీ చేతినిండా పని. వెబ్‌సైట్లకు రహస్యలిపి తాళాలు వేసే ఆర్ఎస్ఏ పద్ధతిలో ఎక్కువగా వాడేది దాన్నే. దాని తర్వాత ఆ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. ఇక దొరకదని నిరూపించినవాళ్లూ లేరు.